అనంతమ్మ నోటి ముద్ద

మా అత్తమ్మ అనంతమ్మకు కోపం వస్తే గల్లీ మొదట్లో ఉన్న పాల దుకాణం దాకా వినిపిస్తుంది. సంతోషం వస్తే అది కూడా దాటి రోడ్డు మీదికి వినిపిస్తుంది. ఆమె గురించి రాస్తానంటే మా ఆయన జగదీశ్ నవ్వాడు. "అత్త గురించి కోడలు రాస్తే అన్నీ తిట్లే ఉంటయనుకుంటరు నవతా" అన్నాడు. తిట్లూ ఉంటాయి. కానీ ఈ జహీరాబాద్‌లో నేను తలెత్తుకుని చెప్పుకునే మనిషి ఎవరని అడిగితే ముందు ఆమె పేరే చెప్తాను.

స్టేషన్ వెనక మా గల్లీలో పెరిగిన పిల్లల్లో సగం మంది మొదటి రొట్టె ఆమె నోటి నుంచే తిన్నారు. మాటవరసకు అనడం లేదు, నిజంగా నోటి నుంచే. అది ఎట్లాగో చెప్పాలంటే ముందు ఆమె ఎవరో చెప్పాలి.

అనంతమ్మ పుట్టింది ఝరాసంగం అవతల ఒక మెట్ట పల్లెలో. బడి మొహం చూడలేదు. పక్కింటి పిల్లలు వాకిట్లో కూర్చుని ఎక్కాలు వల్లెవేస్తుంటే, గోడకు ఇవతల పిడకలు కొడుతూ ఈమె పట్టేసుకుంది. వాళ్లు తప్పు చెప్తే గోడ మీంచి తల పెట్టి సరిచేసేదట. విత్తనాల కాలం వస్తే ఎన్ని సాళ్ల జొన్నకు ఒక సాలు కంది వేయాలో, పోయినేడు ఏ మూలన పెసర వేశారో వాళ్ల నాయన ఆమెనే అడిగేవాడు. ఇప్పటికీ ఎవరి పెళ్లి ఏ కాలంలో అయిందో, ఆ పెళ్లిలో ఎవరు అలిగి అన్నం తినకుండా వెళ్లిపోయారో తడుముకోకుండా చెప్తుంది. అలిగినవాళ్లు ఎదురుగా కూర్చుని ఉన్నా చెప్తుంది, అదే మా బాధ.

పెళ్లయ్యాక మామయ్య సంగప్పతో ఈ ఊరికి వచ్చింది. ఆయన చెరుకు లారీల మీద పనిచేసేవాడు. జగదీశ్ బడికి పోయే వయసులో ఉన్నప్పుడే ఆయన జ్వరంతో చనిపోయాడు. అప్పటి నుంచి ఆమె జొన్నరొట్టెలు చేసి హోటళ్లకు ఇస్తూ కొడుకును పెంచింది. పొద్దున ఆమె రొట్టె కొట్టే చప్పుడు విని గల్లీ లేచేది. ఆ రోజుల్లో కూడా ఆమె ఎవరి ముందూ కన్నీళ్లు పెట్టుకోలేదని రషీదాబీ చెప్తుంది. రషీదాబీ మా గోడ పక్కన ఉండే ఆవిడ, అత్తమ్మకు ప్రాణ స్నేహితురాలు. రోజుకు ఒక్కసారైనా పోట్లాడుకోకపోతే ఇద్దరికీ తిన్నది అరగదు.

ఇక నోటి ముద్ద సంగతి. మా గల్లీలో ఒక నమ్మకం ఉంది. పాలు తాగే పిల్లకు మొట్టమొదటిసారి జొన్నరొట్టె పెట్టేటప్పుడు ఎవరు నమిలి పెడితే వాళ్ల బుద్ధి ఆ పిల్లకు వస్తుందని. జొన్నరొట్టె గట్టిది కదా, పళ్లు లేని నోటికి ఎవరో ఒకరు నమిలి పెట్టాల్సిందే అనుకునేవారు. అయితే ఎవరు పడితే వాళ్లు నమలకూడదు. గట్టి జ్ఞాపకం, చురుకైన లెక్క, నోట్లో దమ్ము ఉన్న మనిషి నమలాలి. ఈ మూడూ ఉన్న మనిషి గల్లీలో ఒక్కతే.

అందుకని గురువారం పొద్దున పిల్లకు తలంటు పోసి, దిష్టిచుక్క పెట్టి, వేడి రొట్టెను గుడ్డలో చుట్టుకుని మా ఇంటికి వచ్చేవాళ్లు. అత్తమ్మ చెంబుడు నీళ్లతో నోరు పుక్కిలించి, అరుగు మీద గుమ్మం పక్కన గోడకు ఆనుకుని కూర్చునేది. ఆ చోటు ఆమెది. నేను పొరపాటున అక్కడ కూర్చుంటే లేపేది. రొట్టె తుంచి, బెల్లం ముక్క కలిపి, వెన్నలా అయ్యేదాకా నమిలి, వేలి కొసన తీసి పిల్ల నాలుక మీద రాసేది. పిల్ల చప్పరిస్తే ఆడవాళ్లందరూ నవ్వేవారు. హిందువులు, ముస్లింలు అని లేదు. రషీదాబీ కొడుకు ఇర్షాద్ కూడా ఆమె ముద్ద తిన్నవాడే. అతనికి మొబైల్ రిపేరు దుకాణం ఉంది, ఏ ఫోను విప్పినా మళ్లీ బిగించగలడు. ఆ తెలివి ఎవరిదని రషీదాబీని అడిగితే ఇప్పటికీ వేలు మా ఇంటి వైపే చూపిస్తుంది.

నేను కోహీర్ నుంచి కోడలిగా వచ్చిన కొత్తలో ఇదంతా చూసి ముక్కు చిట్లించాను. "ఏంది, అసయ్యమా? నీకు ఎవ్వరు పెట్టిన్రో గనీ, గందుకే నీకు చీర ధర రెండుసార్లు చెప్పాలె" అంది అత్తమ్మ. తర్వాత మా రుచిత పుట్టింది. నేను బట్టల దుకాణంలో పనికి కుదిరాను, జగదీశ్ ఝరాసంగం రూట్లో షేర్ ఆటో నడుపుతాడు. పిల్లను పెంచింది అత్తమ్మే. అందరి పిల్లలకూ ఒక్కపూట పెట్టిన ముద్ద రుచితకు రోజూ పెట్టింది. దవడ పళ్లు వచ్చేదాకా నమిలే పెట్టింది. "గల్లీల పిల్లలకు చెంచాడు బుద్ధిచ్చిన. దీనికి కుండెడు ఇస్తున్న" అనేది.

రుచిత ఒకటో తరగతికి వచ్చింది. ఏడాది సగం గడిచాక స్కూలు నుంచి పిలిచారు. నేనూ అత్తమ్మా వెళ్లాం. టీచరమ్మ చెడ్డది కాదు, కానీ మాట నేరుగా అనేస్తుంది.

"పాపకు ఏం చెప్పినా నిలవట్లేదండీ. పొద్దున నేర్పిన అక్షరం మధ్యాహ్నానికి మర్చిపోతుంది. బల్ల మీద తల పెట్టుకుని పడుకుంటుంది. పరీక్షల్లో కూడా ఇట్లాగే ఉంటే వచ్చే ఏడు మళ్లీ ఒకటిలోనే కూర్చోబెడదాం. లేదంటే ఇట్లాంటి పిల్లలకు వేరే బడులు ఉంటాయి, కనుక్కోండి."

 అత్తమ్మ ఊరుకోలేదు.

"ఇట్లాంటి పిల్లలంటే ఎట్లాంటి పిల్లలమ్మా? నా ముద్ద తిన్న పిల్ల మొద్దెట్లయితది? మీ బడిల సగం మందికి నేనే బుద్ధి పెట్టిన!"

టీచరమ్మకు ముద్ద సంగతి తెలియదు. ఆమె అయోమయంగా నా వైపు చూసింది. నేను అత్తమ్మ చెయ్యి పట్టుకుని బయటికి తీసుకొచ్చాను. గేటు దాటేదాకా తిడుతూనే ఉంది.

ఇంటికి రాగానే ఆమె తన పరీక్ష తాను పెట్టింది. రుచితను ఎదురుగా కూర్చోబెట్టుకుని రెండో ఎక్కం చెప్పించింది. పాప చక్కగా చెప్పింది. అన్నం తిన్నాక మళ్లీ అడిగింది. పాప నాలుగైదు చెప్పి ఆగిపోయి, నాయ్నమ్మ మొహంలోకి చూసి, "కడుపు నొస్తుంది" అంది. మరుసటి రోజూ అంతే. అప్పుడు అత్తమ్మ అంది, "టీచరు అబద్ధం చెప్పలె నవతా. పిల్ల తెలివితక్కువది గాదు. దీన్ని లోపట్నుంచి ఏదో తింటున్నది." ఏమిటని అడిగితే ఆమెకూ తెలియదు. కానీ పాప పొద్దున లేవగానే అరుగు మీద చల్లటి బండకు పొట్ట ఆనించి పడుకోవడం ఆమె చూస్తూనే ఉంది. మేమూ చూస్తూనే ఉన్నాం. మా ఇంట్లో కడుపుమంట అంటే ఎవరూ ఉలిక్కిపడరు మరి. అత్తమ్మ వాము నమలని రోజు లేదు. జగదీశ్ ఆటోలో గ్యాస్ గోళీలు అగర్‌బత్తీల పక్కనే ఉంటాయి. గ్యాస్ మాకు ఇంటి చుట్టం లాంటిది, వస్తుంది పోతుంది అనుకున్నాం.

గల్లీలో మాట ఆగదు కదా. పాప సంగతి పాకింది. "సొంత మనవరాలికి బుద్ధి చేరలేదంట" అని నీళ్ల టాంకర్ దగ్గర నీలమ్మ అన్నదని నా చెవిన పడింది. నీలమ్మ అంటే గల్లీ చివర పిండిగిర్ని నడిపే ఆవిడ. మనుషుల మాటలు కూడా జొన్నల్లాగే మెత్తగా ఆడించి పంపుతుంది. నేను ఆ మాట అత్తమ్మకు చెప్పలేదు. వేరేవాళ్లు చెప్పారు.

పిల్లల డాక్టర్ మహేశ్వరి దగ్గరికి తీసుకెళ్లాం. పాప కింది రెప్ప లాగి చూసి, రక్తం పరీక్ష రాసింది. రక్తం బాగా తక్కువగా ఉందని ఐరన్ సిరప్ ఇచ్చింది. వేళ తప్పకుండా తాగించాం. కొన్ని వారాల తర్వాత మళ్లీ చూస్తే రక్తం పెద్దగా పెరగలేదు, కడుపునొప్పి తగ్గలేదు. డాక్టరమ్మ ఆలోచించి ఇంకో పరీక్ష, మలం పరీక్ష, రాసింది. ఫలితం వచ్చిన రోజు మేము ముగ్గురం వెళ్లాం, పాపతో నలుగురం.

"పాప కడుపులో ఒక బ్యాక్టీరియా ఉంది" అని మొదలుపెట్టింది డాక్టరమ్మ. "హెలికోబ్యాక్టర్ పైలోరి అంటారు. కడుపు లోపలి గోడను అంటిపెట్టుకుని ఉంటది. మన దగ్గర చాలామందికి ఉంటది, ఎక్కువమందికి ఏమీ కాదు. కొందరికి పుండ్లు చేస్తది, మంట పుట్టిస్తది. కొంతమంది పిల్లల్లో తిన్న ఐరన్ ఒంటికి పట్టనియ్యదు. అందుకే సిరప్ పనిచేయలేదు అనుకుంటున్న."

"చదువు రాకపోడానికి గదేనా?" అని అడిగాడు జగదీశ్.

"అదే అని నేను చెప్పలేను. రక్తం తక్కువుంటే పిల్లలకు ధ్యాస నిలవదు, అది తెలిసిన విషయమే. ఈ బ్యాక్టీరియా ఉన్న పిల్లలు జ్ఞాపకం పరీక్షల్లో కొంచెం వెనకబడ్డారని కొందరు పరిశోధించి చూసిన్రు. కానీ దానివల్లనేనా, సరైన తిండి లేకనా, ఇంకేమన్ననా అనేది ఇంకా తేలలేదు. కారణం తేలేదాకా దాన్ని కడుపులో ఎందుకు ఉంచాలె? ముందు తీసేద్దాం, రక్తం పెంచుదాం. అప్పుడు పాప ఎట్ల చదువుతదో చూద్దాం." ఆమె పెన్ను పక్కన పెట్టి అడిగింది. "ఇది ఎక్కువగా చిన్నప్పుడు ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటది. పాపకు చిన్నప్పుడు అన్నం ఎవరు పెట్టేవాళ్లు?"

ఈ ప్రశ్న కోసమే ఎదురుచూస్తున్నట్టు అత్తమ్మ కుర్చీలో నిటారుగా కూర్చుంది.

"నేనే డాక్టరమ్మా. ఎవ్వరినీ చెయ్యి పెట్టనియ్యలె. రొట్టె నా నోట్ల నమిలి, మెత్తగ చేసి పెట్టిన. దీనికే గాదు, మా గల్లీల ఎవ్వరికి పిల్ల పుట్టినా మొదటి ముద్ద నాదే. అడిగి సూడున్రి కావాలంటె." మొహం వెలిగిపోతోంది. రుచిత ఆమె మోకాలికి ఆనుకుని నిలబడి ఉంది.

 డాక్టరమ్మ మెల్లగా, "పెద్దమ్మా, మీకు కడుపుల మంట ఉంటదా?" అని అడిగింది.

మా అత్తమ్మ చురుకు గురించి ముందే చెప్పాను. నాకూ జగదీశ్‌కూ ఆ ప్రశ్న ఎందుకో అర్థం కాలేదు. ఆమెకు అర్థమైంది. వెలుగుతున్న మొహం చూస్తుండగానే ఆరిపోయింది. రుచిత తల మీద ఉన్న చెయ్యి తీసి తన ఒడిలో పెట్టుకుంది.

"అంటె నా నోట్ల నుంచే పోయింది" అంది.

"అట్ల ఖాయంగ చెప్పలేం. నీళ్ల నుంచి కావచ్చు, కడుక్కోని చేతుల నుంచి కావచ్చు, ఇంట్లో ఎవరి నుంచైనా కావచ్చు. నమిలి పెట్టడం కూడా ఒక దారి కావచ్చు. మిమ్మల్ని కూడా పరీక్ష చేస్తే మంచిది."

పరీక్ష చేశారు. ఆమెకూ ఉంది, జగదీశ్‌కూ ఉంది. నాకు లేదు. ఇంకో రోజైతే ఆ ఒక్క విషయం మీద అత్తమ్మను ఏడాది పొడుగునా ఆటపట్టించేదాన్ని. ఆ రోజు ఆమె మొహం చూసి నాకు ఏడుపొచ్చింది. ఆటోలో వెనక సీట్లో చివరికి జరిగి, పాపకూ తనకూ మధ్యలో సంచి పెట్టుకుని కూర్చుంది. పాప ఆ సంచి మీదుగా పాకి వెళ్లి ఆమె ఒళ్లో పడుకుంది.

అదే వారంలో, మాకు అచ్చిరాని కాలంలా, రషీదాబీ మనవడికి మొదటి ముద్ద పెట్టాల్సిన గురువారం వచ్చింది. ఇర్షాద్ కొడుకు జలాల్. తండ్రికి పెట్టిన నోటితోనే కొడుక్కీ పెట్టించాలని రషీదాబీ ఎప్పటి నుంచో చెప్పి ఉంచింది. గల్లీలో ఆడవాళ్లందరినీ పిలిచింది. రుచిత చదువు సంగతి పాకాక వస్తున్న మొదటి ముద్ద ఇది. వస్తామన్నవాళ్లలో సగం మంది ముద్ద కోసం కాదు, అనంతమ్మ మొహం చూడడం కోసం వస్తున్నారని నాకు తెలుసు.

"పంటి నొప్పి అని చెప్పరాదే అమ్మా" అన్నాడు జగదీశ్. "దవడ వాచిందను. ఎవ్వరూ ఏమనుకోరు."

"ఒక్క గురువారం పన్ను నొస్తది. మల్ల గురువారం ఏం నొయ్యాలె?" అంది అత్తమ్మ. "నేను పెట్టకపోతే ఇంకో ముసల్ది పెడతది. దాని కడుపుల ఏమున్నదో దానికేం ఎరుక? ఊకో."

ఆ పొద్దున ఆమె ఉతికిన చీర కట్టుకుని తన చోట కూర్చుంది. అరుగు నిండా, వాకిలి నిండా ఆడవాళ్లు. రషీదాబీ కోడలు సబ్రీన్ పిల్లవాడిని తెచ్చి ఆమె ఒళ్లో పెట్టింది. గుడ్డ విప్పి వేడి రొట్టె పక్కన పెట్టారు. అత్తమ్మ చెంబు ముట్టుకోలేదు. పిల్లవాడి తల నిమిరి, మళ్లీ తల్లి చేతికి ఇచ్చేసింది.

"నేను నమలను రషీదా. నా కడుపుల పురుగున్నది. కంటికి కనవడని పురుగు. మా రుచితకు గూడ ఉన్నది. నా నోటి నుంచే పోయిందో, ఇంకెట్ల పోయిందో డాక్టరమ్మ ఖాయంగ చెప్పలె. గనీ నాకు అనుమానం నా మీదనే. దాంతోటి పిల్లకు రక్తం పడ్తలేదు, సదువు నిలుస్తలేదు. ఇన్నేండ్లు నా ముద్దల బుద్ధి ఉన్నదనుకున్న. అండ్ల రోగం ఉన్నది. ఇగ ఏ పిల్లకూ నేను నమిలి పెట్టను. మీరు గూడ పెట్టకున్రి."

 ముందుగా తేరుకున్నది నీలమ్మే.

"అయితే మా మనవడు సృజన్‌కు గూడ పెట్టినవు గదా! వాడు మొన్నటి దాంక కడుపు నొస్తదని ఏడ్సిండు. నీ గొప్ప కోసం మా పిల్లల నోట్ల రోగం పెట్టినవా?"

"తెల్వక పెట్టిన నీలమ్మా. తెలిసినంక చెప్తున్న. సృజన్‌ను డాక్టరమ్మకు సూపెట్టు. కడుపు నొచ్చే పిల్ల ఎవ్వరున్నా సూపెట్టున్రి. ఎవ్వరికీ తోడు లేకపోతే నేనొస్త."

"నువ్వొచ్చినంత కాడికి సాలు!" అని నీలమ్మ చెంగు విదిలించుకుని వెళ్లిపోయింది. ఆమె వెనకే మరికొందరు వెళ్లారు. వెళ్లేవాళ్లను అత్తమ్మ ఆపలేదు, తల దించుకోలేదు. నేను గుమ్మంలో నిలబడి చూస్తున్నాను. మా పెళ్లయినప్పటి నుంచి ఆమెతో వెయ్యి విషయాల్లో నాకు పడలేదు. ఆ రోజు మాత్రం ఈమె మా అత్త అని అరిచి చెప్పాలనిపించింది.

రషీదాబీ కదల్లేదు. "ఐతే ఇప్పుడు నా మనవడికి రొట్టె ఎట్ల తినిపియ్యాలె అక్కా? చెప్పు జర. వాడు నోరు తెరిచి కూసున్నడు" అంది. అప్పుడు అత్తమ్మ నన్ను అల్లం దంచే చిన్న రోలు తెమ్మంది. వేడినీళ్లతో కడిగించింది. సబ్బుతో మోచేతుల దాకా చేతులు రుద్దుకుంది. రొట్టె తుంచి, కాచిన పాలు పోసి, మెత్తగా నూరి, చిన్న చెంచాతో సబ్రీన్ చేతే పెట్టించింది. జలాల్ చప్పరించి ఇంకా కావాలని కాళ్లు కొట్టుకున్నాడు. రోలు మా ఇంట్లో ఎప్పటి నుంచో ఉంది. నమలకుండా నూరవచ్చని ఇన్నేళ్లలో మాకెవరికీ తట్టలేదు.

తర్వాత మందులు. ఘోరమైన చేదు, నోట్లో ఇనుప రుచి. నాయ్నమ్మా మనవరాలూ ఎదురెదురుగా కూర్చునేవాళ్లు. రుచిత నోరు బిగించేది. "నేను ముందు మింగుత. నా మొకం సూడు, నవ్వినవంటే నువ్వు మింగాలె" అని అత్తమ్మ గోళీ వేసుకుని, కళ్లూ ముక్కూ ఒకటి చేసి అష్టవంకరలు తిరిగేది. పాప నవ్వేది, మింగేది. జగదీశ్ మాత్రం మింగిన ప్రతిసారీ మమ్మల్నందరినీ తిట్టాడు. ఆ రోజుల్లో మా వాకిట్లోకి గల్లీవాళ్లు పెద్దగా రాలేదు. నీలమ్మ గిర్నిలో పిండి పట్టించుకోవడానికి అత్తమ్మ వెళ్తే, నీలమ్మ మాట్లాడకుండా డబ్బా అందుకునేది. అత్తమ్మ కూడా మాట్లాడకుండా నిలబడేది. కానీ గిర్ని మార్చలేదు. నేను మారుద్దామంటే, "ఆమె కోపం ఆమెకు ఉండాలె గద. పిల్లగాని గురించి గదా" అంది.

మందులయ్యాక, చెప్పిన గడువు ఆగి మళ్లీ పరీక్ష చేస్తే పాపకు బ్యాక్టీరియా పోయింది. సిరప్ పట్టడం మొదలైంది. రుచిత అరుగు బండ మీద పడుకోవడం మానేసింది. అన్నం అడిగి తింటోంది. ఒకరోజు దుకాణం నుంచి వచ్చేసరికి రెండో ఎక్కం చెప్తూ తొక్కుడుబిళ్ల ఆడుతోంది. నేను అక్కడే చెప్పులతో నిలబడిపోయాను. పొద్దున అడిగాను, అలాగే ఉంది. మరుసటి రోజు అడిగాను, ఉంది. "ఎన్నిసార్లు అడుగుతవమ్మా, యాదికుంటలేదా నీకు?" అని నన్నే అడిగింది. ఆ నోరు ఎవరిదో నేను చెప్పక్కర్లేదు.

ఏడాది చివరి పరీక్షల్లో రుచిత క్లాసులో మొదటి వరసలో ఏమీ రాలేదు. మధ్యలో వచ్చింది. రెండో తరగతిలోకి వెళ్లింది. రెండో తరగతిలో వానలు తగ్గేసరికి తెలుగు పాఠం నిలబడి చదివేసింది, వెనక బెంచీ పిల్లలకు లెక్కలు చెప్పసాగింది. ఈ గొప్ప ఎవరిదనే దగ్గర మాలో మాకు కుదరదు. టీచరమ్మ తాను రోజూ పక్కన కూర్చోబెట్టుకుని చెప్పినందుకు అంటుంది, అదీ నిజమే. జగదీశ్ ఝరాసంగం సంగమేశ్వరుడికి మొక్కుకున్నందుకు అంటాడు. డాక్టరమ్మ రక్తం పెరిగినందుకు కావచ్చు అంటుంది, ఆ 'కావచ్చు' ఆమె ఎప్పుడూ వదలదు. పాప పట్టుదల అని నేనంటాను. అత్తమ్మ మాత్రం ఏ గొప్పా అడగలేదు. మునుపటి అనంతమ్మ అయితే మొత్తం తన ఖాతాలో వేసుకునేది.

సృజన్‌ను నీలమ్మ డాక్టరమ్మకు చూపించిందని, వాడికి ఆ బ్యాక్టీరియా లేదని, కడుపులో నులిపురుగులే అని రషీదాబీ ద్వారా తెలిసింది. ఆ మాట విన్నప్పుడే నేను మొదటిసారి అత్తమ్మ కళ్లలో నీళ్లు చూశాను. వెంటనే ఉల్లిపాయ తెచ్చుకుని తరగడం మొదలుపెట్టింది. కూరలోకి ఉల్లిపాయ అప్పటికే వేశాం.

ఈ మధ్య ఒక గురువారం పొద్దున తలుపు చప్పుడైంది. తీస్తే నీలమ్మ. చంకలో ఆమె కూతురి బిడ్డ, తలంటు పోసి, దిష్టిచుక్క పెట్టి ఉంది. చేతిలో గుడ్డలో చుట్టిన రొట్టె. అత్తమ్మ అరుగు మీద తన చోట కూర్చుని ఉంది. నీలమ్మను చూసి గబగబా లేవబోయి, "ఏంది నీలమ్మా? నేను పెట్టనని చెప్పిన గద" అంది.

"నీ కోసం ఎవలొచ్చిన్రు?" అంది నీలమ్మ. "నీ మనవరాలిని పిలువు. మా సృజన్‌కు లెక్కలు చెప్తున్నదంట, టీచరు కంటె మంచిగ చెప్తున్నదంట. రొట్టె అది నూరాలె. దాని చేతి ముద్ద తింటే దాని బుద్ధి వస్తది మా పిల్లకు."

నేను నవ్వు ఆపుకోలేకపోయాను. ముద్దలో బుద్ధి ఉండదని అంత చెప్పి, అన్ని తిట్లు తిని, చివరికి నమ్మకం నోటి నుంచి చేతికి మారింది అంతే. అత్తమ్మ నీలమ్మకు మళ్లీ చెప్పింది. "చేతుల బుద్ధి ఉండదే నీలమ్మా. సబ్బు ఉంటే సాలు."

"ఉంటే ఉంటది, లేకుంటే లేదు. నువ్వు పిలువు" అంది నీలమ్మ.

రుచిత స్కూలు బట్టలతో వచ్చింది. మళ్లీ ఒకటిలోనే కూర్చోబెట్టాలన్న పిల్ల, వేరే బడి చూసుకోండి అనిపించుకున్న మా పిల్ల. ఎవరూ చెప్పకుండానే కొళాయి దగ్గరికి వెళ్లి మోచేతుల దాకా సబ్బు రుద్దుకుంది. రోలు తెచ్చుకుని, నేల మీద కూర్చోబోయింది.

అప్పుడు మా అత్తమ్మ తన చోటు నుంచి లేచింది. ఇన్నేళ్లుగా ఎవరినీ కూర్చోనివ్వని ఆ చోటును చెంగుతో తుడిచింది.

"కింద గాదు బిడ్డా" అంది. "ఈడ కూసో."